సస్టైనబుల్ ఇంటీరియర్స్‌లో పీజీ: పేరు ఒక్కటే, చదువులు వేరు

దసరా సెలవులు అయిపోగానే నాకు ఫోన్లు మొదలవుతాయి. “అక్కా, సస్టైనబుల్ ఇంటీరియర్ డిజైన్‌లో మాస్టర్స్ చేద్దామనుకుంటున్నా. ఏ యూనివర్సిటీ మంచిది?” హైదరాబాద్‌లో ఇంటీరియర్ పనులు చేసుకుంటూ, తీరిక దొరికినప్పుడు జూనియర్ల పోర్ట్‌ఫోలియోలు చూసిపెడుతుంటాను కాబట్టి ఎవరో ఒకరు నా నంబరు ఇచ్చేస్తుంటారు. నిరుడు ఒకే వారంలో ముగ్గురు అడిగారు. ఒకబ్బాయిది ఐదేళ్ల బీఆర్క్. ఒకమ్మాయిది ఇంటీరియర్ డిజైన్‌లో నాలుగేళ్ల బీడిజైన్. మూడో అబ్బాయి బీటెక్ సివిల్ చేసి రెండేళ్లు సైట్లో పనిచేశాడు. ముగ్గురి చేతిలోనూ కన్సల్టెన్సీ వాళ్లిచ్చిన ఒకటే లిస్టు. అవే పేర్లు, అదే వరస.

ఆ లిస్టు ముగ్గురికీ ఎలా సరిపోతుంది? ఇల్లైనా ఆఫీసైనా లోపలి పనిని పర్యావరణానికి హాని తగ్గేలా చేయడం నేర్పుతామంటూ ఈ పేరు మీద నడిచే చదువులు పైకి ఒకేలా కనిపిస్తాయి గానీ, ఎవరికోసం పెట్టారన్నది చూస్తే వేటికవే వేరు. ఇది తెలియక డబ్బు కట్టి, వీసా తెచ్చుకుని, అక్కడికి వెళ్లాక ‘నేను వచ్చింది దీనికి కాదే’ అని బాధపడినవాళ్లను చూశాను. అందుకే ‘ఏ యూనివర్సిటీ’ అని అడిగినవాళ్లను నేను ముందు ‘నీ డిగ్రీ ఏది’ అని అడుగుతాను.

ముందు తేల్చుకోవాల్సింది

అమెరికాలో ఇంటీరియర్ డిజైన్ మాస్టర్స్ ప్రధానంగా రెండు రకాలు. మొదటిది వృత్తిలోకి కొత్తగా వచ్చేవాళ్లకు. డిగ్రీ ఏ సబ్జెక్టులో చేసినా సరే, డ్రాయింగ్, భవన నియమాలు (కోడ్స్), లైటింగ్, ఫర్నిచర్ అన్నీ మొదటినుంచి నేర్పిస్తారు. రెండోది ఇప్పటికే డిజైన్ గానీ ఆర్కిటెక్చర్ గానీ చదివినవాళ్లకు. ఇక్కడ ప్లాన్ గీయడం ఎలాగో ఎవరూ చెప్పరు, అది వచ్చనే అనుకుంటారు. మొదటిదాన్ని ఫస్ట్ ప్రొఫెషనల్ అనీ, రెండోదాన్ని పోస్ట్ ప్రొఫెషనల్ అనీ అంటారు. యూనివర్సిటీ పేజీలో ఈ మాట ఎక్కడో మూలన ఒక లైనులో ఉంటుంది. దాన్ని వెతికి పట్టుకోండి.

1916లో మొదలైన న్యూయార్క్ స్కూల్ ఆఫ్ ఇంటీరియర్ డిజైన్‌నే తీసుకుంటే ఈ తేడా ఒకే గొడుగు కింద కనిపిస్తుంది. అక్కడ వేరే సబ్జెక్టు నుంచి వచ్చేవాళ్లకు మూడేళ్ల ఎంఎఫ్‌ఏ, అంటే మాస్టర్ ఆఫ్ ఫైన్ ఆర్ట్స్, ఉంది. డిజైన్ డిగ్రీ ఉన్నవాళ్లకు ఇంకో ఎంఎఫ్‌ఏ ఉంది. ఇవి కాక ‘సస్టైనబుల్ ఇంటీరియర్ ఎన్విరాన్‌మెంట్స్’ పేరుతో ఒక్క ఏడాదిలో అయిపోయే ఎంపీఎస్, అంటే మాస్టర్ ఆఫ్ ప్రొఫెషనల్ స్టడీస్, ఉంది. ఇది పోస్ట్ ప్రొఫెషనల్. మన సివిల్ అబ్బాయి ‘ఏడాదే కదా, ఖర్చు తక్కువ’ అని దీనికి అప్లై చేద్దామనుకున్నాడు. ఇంటీరియర్ డ్రాయింగ్ సెట్ ఒక్కటి కూడా సొంతంగా చేయని మనిషి అందులో సీటు సంపాదించడమే కష్టం, సంపాదించినా నిలదొక్కుకోవడం ఇంకా కష్టం. బీఆర్క్ అబ్బాయి సంగతి దీనికి తలకిందులు. అతను చూస్తున్నది మూడేళ్ల చదువు. కాలేజీలో ఐదేళ్లు నేర్చుకున్నదాన్నే డాలర్లు కట్టి మళ్లీ నేర్చుకోవడమన్నమాట.

గుర్తింపు విషయంలోనూ ఇదే గందరగోళం. అమెరికాలో ఇంటీరియర్ డిజైన్ చదువులకు ‘సీడా’ అనే సంస్థ గుర్తింపు ఇస్తుంది. మొదటి రకం చదువులకే దాని గుర్తింపు వర్తిస్తుంది. కాబట్టి పోస్ట్ ప్రొఫెషనల్ చదువుకు సీడా గుర్తింపు లేదని తెలిసి కంగారు పడక్కర్లేదు. అయితే అక్కడే స్థిరపడి ఎన్‌సీఐడీక్యూ పరీక్ష రాసి సర్టిఫైడ్ ఇంటీరియర్ డిజైనర్ కావాలన్నదే మీ ఉద్దేశమైతే, డిజైన్ డిగ్రీ లేనివాళ్లకు మొదటి రకమే దారి.

మూడేళ్ల బీఎస్సీ ఇంటీరియర్ డిజైన్ చేసినవాళ్లకు ఇంకో చిక్కు. అమెరికాలో చాలా కాలేజీలు స్కూలు నుంచి డిగ్రీ దాకా కలిపి పదహారేళ్ల చదువు అడుగుతాయి. కొన్ని మాత్రం మన డిగ్రీ అక్కడి దేనితో సమానమో చెబుతూ డబ్ల్యూఈఎస్ లాంటి సంస్థ ఇచ్చే మూల్యాంకనం చూసి ఒప్పుకుంటాయి. ఇంగ్లండ్‌లో మూడేళ్ల డిగ్రీ మామూలే కాబట్టి అక్కడ ఈ పేచీ ఉండదు, పైగా చాలావరకు మాస్టర్స్ ఏడాదిలో అయిపోతాయి. మన దేశంలో ఉండి చదవాలనుకుంటే విజయవాడ స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్‌లో సస్టైనబుల్ ఆర్కిటెక్చర్‌లో ఎంఆర్క్ ఉంది. కానీ ఎంఆర్క్‌కి బీఆర్క్ తప్పనిసరి. బీడిజైన్ అమ్మాయికి ఆ తలుపు తెరుచుకోదు. ఆమె చూడాల్సింది అహ్మదాబాద్‌లోని ఎన్‌ఐడీ, అంటే నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్. అక్కడ ఫర్నిచర్, ఇంటీరియర్ డిజైన్ కలిపి ఎండిజైన్ ఉంది, దానికి డాట్ అనే ఎంట్రన్స్ పరీక్ష రాయాలి.

‘సస్టైనబుల్’ అన్న మాట పేరులో లేకపోయినా ఆ పనే నేర్పే చదువులూ ఉన్నాయి. అమెరికాలోని రోడ్ ఐలండ్ స్కూల్ ఆఫ్ డిజైన్‌లో ఇంటీరియర్ స్టడీస్ మాస్టర్స్ అంతా పాత కట్టడాలను కూల్చకుండా కొత్త పనికి మలచుకోవడం చుట్టూనే నడుస్తుంది. దాన్ని అడాప్టివ్ రీయూజ్ అంటారు. నన్నడిగితే పర్యావరణానికి అంతకన్నా దగ్గరి ఇంటీరియర్ చదువు లేదు. గూగుల్‌లో ఒక్క మాట కొట్టి వెతికేవాళ్లకు ఇలాంటివి తగలవు.

ఇంతకీ లోపల నేర్పేది ఏమిటి

కొత్త ఇంట్లోకి వెళ్లినప్పుడు వార్డ్‌రోబ్ తెరవగానే ఘాటుగా ఒక వాసన వస్తుంది, కళ్లు మండుతాయి. ‘కొత్త చెక్క వాసన’ అని సరిపెట్టుకుంటాం. అది చెక్కది కాదు, జిగురుది. మామూలు ప్లైవుడ్, ఎండీఎఫ్, పార్టికల్ బోర్డుల్లో పొరల్నీ పొట్టునీ పట్టి ఉంచేది ఎక్కువగా యూరియా ఫార్మల్డిహైడ్ జిగురు. దాంట్లోంచి ఫార్మల్డిహైడ్ నెలల తరబడి గదిలోకి వదులుతూనే ఉంటుంది. ఇది మనుషులకు క్యాన్సర్ కలిగించే పదార్థమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లోనే తేల్చింది. గది గాలిలో అరగంట సగటు ఘనపు మీటరుకు 0.1 మిల్లీగ్రాము దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ఏసీ వేసి కిటికీలన్నీ మూసేసిన పిల్లల గదిలో, మూడు గోడలకూ వార్డ్‌రోబ్‌లు కొట్టించినప్పుడు ఏమవుతుందో ఊహించుకోండి. ఈ చదువులో మొదటి భాగం ఇదే: గదిలోకి ఏం తెస్తున్నాం, అది మనిషిని ఏం చేస్తుంది.

రెండో భాగం కార్బన్ లెక్క, అంటే మన పని వల్ల గాలిలోకి ఎంత కార్బన్ డయాక్సైడ్ చేరుతుందన్నది. ఇక్కడ రెండు లెక్కలను కలిపేసుకుంటే అంతా తారుమారవుతుంది. లైట్లు, ఏసీలు నడవడానికి రోజూ అయ్యేది ఒకటి. సిమెంటు, స్టీలు, టైల్స్, ప్లైవుడ్ తయారై మన ఇంటిదాకా రావడానికి ముందే అయిపోయింది ఇంకొకటి. ఈ రెండోదాన్ని ఎంబాడీడ్ కార్బన్ అంటారు. ఇంటీరియర్ వాళ్ల బాధ్యత ఇందులోనే ఎక్కువ. ఎందుకంటే భవనం యాభై అరవై ఏళ్లు నిలబడుతుంది. లోపలి సరంజామా మాత్రం అన్నాళ్లు ఉండదు. మాదాపూర్‌లో ఒక ఆఫీసు లీజు మారితే నిక్షేపంగా ఉన్న ఫాల్స్ సీలింగు, గ్లాసు పార్టిషన్లు, కార్పెట్ టైల్స్ అన్నీ పీకి లారీకెత్తిస్తారు. కొత్తవాళ్లు మళ్లీ అవే వేయించుకుంటారు. ఆ భవనం జీవితకాలంలో ఇలా ఎన్నిసార్లు జరిగితే అన్నిసార్లూ ఆ కార్బన్ కొత్తగా లెక్కలోకి వస్తుంది.

ఇక లీడ్, వెల్, ఐజీబీసీ, గృహ అని వినిపించేవన్నీ ఒక భవనం ఎంత ‘గ్రీన్’గా, ఎంత ఆరోగ్యంగా ఉందో తేల్చి సర్టిఫికెట్ ఇచ్చే కొలబద్దలు. అవే సబ్జెక్టు అనుకోకూడదు. లీడ్‌లో ఇంటీరియర్లకు విడిగా ఒక విభాగం ఉంది. 2014లో వచ్చిన వెల్ అనేది లోపల ఉండే మనిషి ఆరోగ్యం మీద దృష్టి పెడుతుంది. ఐజీబీసీ, అంటే ఇండియన్ గ్రీన్ బిల్డింగ్ కౌన్సిల్, కేంద్రం మన హైదరాబాదే. లీడ్ గ్రీన్ అసోసియేట్ పరీక్ష రెండు గంటల్లో వంద ప్రశ్నలు, ఏ డిగ్రీవాళ్లయినా రాయొచ్చు. రాస్తే మంచిదే, భాష తెలుస్తుంది. కానీ సర్టిఫికెట్ ఉంది కదా అని పోర్ట్‌ఫోలియోని వదిలేస్తే లాభం లేదు. ఒక వస్తువు పర్యావరణ లెక్కలు చెప్పే పత్రాన్ని ఈపీడీ అంటారు, అందులో కలిసిన పదార్థాలు చెప్పేదాన్ని హెచ్‌పీడీ అంటారు. అప్లికేషన్‌కి ముందే ఈ రెండూ ఒక్కొక్కటి డౌన్‌లోడ్ చేసుకుని చదవండి. రేపు క్లాసులో రోజూ చదవబోయేవి అవే.

పిన్ని వంటిల్లు

పోర్ట్‌ఫోలియో గురించి నేను ఎన్ని చెప్పినా ఆ బీడిజైన్ అమ్మాయి పేజీ చెప్పినంత బాగా చెప్పలేను.

ఆమె మొదట చూపించిన ఫైలు నిండా రెండర్లే, అంటే కంప్యూటర్లో తయారుచేసిన ఊహాచిత్రాలే. గోడ మీద మొక్కలు, వెదురు లైట్లు, కింద ‘ఎకో ఫ్రెండ్లీ లివింగ్ రూమ్’ అని పెద్ద అక్షరాలు. వెదురు ఎక్కడినుంచి వస్తుందమ్మా అంటే తెలియదు. ఆ మొక్కలకు నీళ్లెలా పోస్తారంటే తెలియదు. “నువ్వు నిజంగా చేసిన పని ఏదైనా ఉందా, ఎంత చిన్నదైనా సరే?” అని అడిగాను. కాసేపు ఆలోచించి, “మా పిన్ని వాళ్ల వంటిల్లు చేశానక్కా, కానీ అది పోర్ట్‌ఫోలియోలో పెట్టేంతది కాదు” అంది.

కూకట్‌పల్లిలో పాత ఫ్లాటు. పిన్నిగారు వంటిల్లంతా పీకేసి మాడ్యులర్ పెట్టించుకుందామనుకున్నారు. “అందరూ పెట్టించుకుంటున్నారే, మనదే పాతగా ఉంది” అని ఆమె గొడవ. ఈ పిల్ల టేపు పట్టుకుని ప్రతి బాక్సూ తెరిచి చూసింది. షట్టర్ల మీద మైకా లేచిపోయింది, రంగు మాసిపోయింది. లోపలి బాక్సులు మాత్రం గట్టిగానే ఉన్నాయి. సింకు కింద బాక్సు ఒక్కటే నీళ్లు తగిలి ఉబ్బిపోయింది. కార్పెంటర్ కూడా “అమ్మా, ఇవి ఇంకో పదేళ్లు ఆగుతాయి” అన్నాడట. అప్పుడు లెక్క వేసింది. మొత్తం కొత్తగా చేస్తే 14 ప్లైవుడ్ షీట్లు పడతాయి. అందులో 9 బాక్సులకే. ఎనిమిది అడుగులు, నాలుగడుగులు, 18 మిల్లీమీటర్ల షీటు దగ్గర దగ్గర 32 కిలోలు తూగుతుంది. బాక్సులు ఉంచేస్తే సుమారు 290 కిలోల ప్లైవుడ్ కొనక్కర్లేదు. రమారమి అంతే బరువు పాత సామాను చెత్తలోకి పోదు కూడా. సింకు కింద మళ్లీ ప్లైవుడ్ పెట్టకుండా కడప బండతో అరలు కట్టించింది. అమ్మమ్మల కాలంలో వంటింటి అరలన్నీ అవే కదా, నీళ్లకు చెక్కుచెదరవు. కొత్త షట్టర్లకు అంచులన్నీ పూర్తిగా మూయించింది. కోసిన అంచుల దగ్గరే జిగురు ఆవిరి ఎక్కువగా బయటికి వస్తుందని ఎక్కడో చదివిందట.

ఇందులో ఒక తప్పు కూడా జరిగింది. పాత బాక్సుల్లో హింజ్ రంధ్రాలు కొత్త షట్టర్ల కొలతకు కలవలేదు. నాలుగు షట్టర్లు వృథా అయ్యాయి. “ఇది రాయకూడదు కదా అక్కా” అని అడిగింది. “అదే రాయి, పక్కన ఫొటో కూడా పెట్టు” అన్నాను. రెండర్లన్నీ వెనక్కి పోయి, ఆ వంటిల్లు మొదటి నాలుగు పేజీలకు వచ్చింది. పాత ఫొటో, కొలతల చేతిరాత కాగితం, ఉంచినవీ తీసేసినవీ రెండు రంగుల్లో చూపించే డ్రాయింగు, బరువుల పట్టిక, పాడైన షట్టర్ల ఫొటో. ఒక కాలేజీ ఇంటర్వ్యూలో పది నిమిషాలు ఆ షట్టర్ల గురించే అడిగారట. మళ్లీ చేస్తే ముందుగా ఏం కొలుస్తావు అని.

మన ప్రాంతంలో పుట్టినవాళ్ల దగ్గర ఇలాంటి సరుకు చాలా ఉంది, కానీ దాన్ని అలంకారంగా వాడేస్తున్నాం. కొండపల్లి బొమ్మ షెల్ఫులో పెడితేనో, ఇకత్ కుషన్లు వేస్తేనో అది సస్టైనబిలిటీ కాదు. అదే గోదావరి జిల్లాల మండువా లోగిలిని తీసుకుని, మధ్యలో ఆకాశానికి తెరిచిన చోటు వల్ల వేడి గాలి ఎలా పైకి పోతుందో, మే నెలలో వసారాలో, గదిలో థర్మామీటరు పెట్టి ఎంత తేడా ఉందో చూపిస్తే అది పోర్ట్‌ఫోలియో పేజీ అవుతుంది. హైటెక్ సిటీ దగ్గర 2004లో అబ్దుల్ కలాంగారు ప్రారంభించిన సీఐఐ గ్రీన్ బిజినెస్ సెంటర్ ఉంది. అమెరికా బయట లీడ్‌లో అన్నిటికన్నా పై స్థాయి అయిన ప్లాటినం అందుకున్న మొదటి భవనం అదే. గుండ్రటి కట్టడం, మధ్యలో ఖాళీ స్థలం, జాలీ గోడలు, గాలి బురుజులు. మండువా ఇల్లూ ఇదీ పక్కపక్కన గీసి చూడండి, చెప్పడానికి ఎంత ఉందో మీకే తెలుస్తుంది.

ఎస్‌ఓపీ, ఉత్తరాలు

ఎస్‌ఓపీలో, అంటే ఈ చదువు ఎందుకో చెబుతూ అప్లికేషన్‌తో పాటు రాసిచ్చే వ్యాసంలో, ‘చిన్నప్పటినుంచి నాకు రంగులంటే ఇష్టం’ అనే వాక్యం కనబడితే నేను కొట్టేస్తాను. ‘భూమిని కాపాడాలి’ అన్నదీ అంతే. అప్లికేషన్లు చదివేవాళ్లకు ఈ రెండూ కంఠతా వచ్చేసి ఉంటాయి. ఒక్క ప్రశ్న పట్టుకోండి. ‘అపార్ట్‌మెంట్లలో పీకేసిన ప్లైవుడ్ ఎక్కడికి పోతుంది, దాన్ని తిరిగి వాడటానికి అడ్డం ఏమిటి?’ ఇలాంటిది. దానికోసం మీరు ఇప్పటిదాకా ఏం చేశారు, ఎక్కడ ఆగిపోయారు, ఆ కాలేజీలో ఏ సబ్జెక్టు, ఏ ల్యాబ్ ఆ ఆగిన చోటు నుంచి ముందుకు నడిపిస్తుంది. అంతే. పాత తలుపులు, కిటికీలు అమ్మే షాపుకు వెళ్లి ఒక మధ్యాహ్నం కూర్చుంటే ఒక పేరా దానంతటదే వస్తుంది. అక్కడి యజమానులకు ఏ కలప ఎవరు కొంటారో, ఏది ఎవరూ కొనరో వేళ్ల మీద లెక్క ఉంటుంది.

రికమెండేషన్ లెటర్ల దగ్గర మనవాళ్లకు ఒక అలవాటుంది. “నువ్వే రాసుకురా, సంతకం పెడతాను” అంటారు సార్లు. తరగతిలో అరవైమంది ఉంటే వాళ్ల ఇబ్బందీ అర్థమవుతుంది. కానీ అలా వచ్చిన మూడు ఉత్తరాలూ ఒకే చేతిరాతలా ఉంటాయి, ఆ సంగతి దాగదు. ఒక్కటైనా మీ పని కళ్లారా చూసినవాళ్ల దగ్గర తీసుకోండి, ఇంటర్న్‌షిప్ చేసిన ఆఫీసులో సైట్ చూసిన ఆర్కిటెక్ట్ అయినా సరే. సార్ దగ్గరికి వెళ్లేటప్పుడు ఉత్తరం రాసుకుపోకుండా, ఆయన దగ్గర మీరు చేసిన ప్రాజెక్టుల గురించి అర పేజీ నోట్ పట్టుకెళ్లండి. గుర్తుచేస్తే చాలామంది తమ మాటల్లోనే రాస్తారు.

డబ్బు, వీసా, ఒక నంబరు

ఇది ఇంట్లో కూర్చుని మాట్లాడుకోవాల్సిన విషయం, మొహమాటం వద్దు. అమెరికాలో చదువయ్యాక ఓపీటీ అనే అనుమతి మీద పన్నెండు నెలలు పనిచేయొచ్చు. స్టెమ్ కోర్సు, అంటే సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, లెక్కల కిందికి వచ్చేది అయితే ఇంకో ఇరవై నాలుగు నెలలు కలుస్తాయి. మన పిల్లలు చాలామంది ‘మాస్టర్స్ అంటే మూడేళ్లు ఉండొచ్చు’ అని లోన్ లెక్క వేసేస్తారు. కానీ ఇంటీరియర్ డిజైన్ స్టెమ్ జాబితాలో లేదు. అక్కడ ప్రతి చదువుకూ ఒక కోడ్ ఉంటుంది, దీనిది 50.0408. ఆర్కిటెక్చరల్ అండ్ బిల్డింగ్ సైన్సెస్ కోడ్ 04.0902, అది జాబితాలో ఉంది. కోర్సు పేరులో ‘సస్టైనబుల్’ ఉందా లేదా అన్నదానితో పనిలేదు, ఆ కాలేజీ ఆ కోర్సుకు ఏ కోడ్ పెట్టుకుందో అదే వీసాకోసం కాలేజీ ఇచ్చే ఐ-20 పత్రం మీదికి వస్తుంది. డిపాజిట్ కట్టకముందే మెయిల్ పెట్టి ఆ నంబరు అడగండి. ఒక్క లైను మెయిలు, కానీ నలభై లక్షల లోన్ తీర్చే లెక్క దాని మీద ఉంటుంది. ఇంగ్లండ్‌లో చదువయ్యాక ఉండి పనిచేయనిచ్చే గ్రాడ్యుయేట్ రూట్ వీసా ఇప్పుడు రెండేళ్లు. 2027 జనవరి 1 నుంచి అప్లై చేసేవాళ్లకు అది పద్దెనిమిది నెలలకు తగ్గుతుంది.

ఇటలీ సంగతి మనదగ్గర తక్కువమందికి తెలుసు. మిలాన్ పాలిటెక్నిక్‌లో ‘ఇంటీరియర్ అండ్ స్పేషియల్ డిజైన్’ రెండేళ్ల మాస్టర్స్ ఇంగ్లిష్‌లోనే ఉంది. ప్రభుత్వ యూనివర్సిటీ కాబట్టి ఫీజు కుటుంబ ఆదాయాన్ని బట్టి ఉంటుంది, ఎక్కువలో ఎక్కువ ఏడాదికి సుమారు నాలుగు వేల యూరోలు. మిలాన్‌లో గది అద్దె మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. ఆదాయం తక్కువున్న కుటుంబాలకు డీఎస్‌యూ స్కాలర్‌షిప్ ఉంది, దానికి ఇంటి ఆదాయం, ఆస్తి కాగితాలన్నీ అనువాదం చేయించి ఇవ్వాలి. తహసీల్దారు ఆఫీసు చుట్టూ తిరగడానికే రోజులు పడతాయి కాబట్టి ఆ పని అడ్మిషన్ వచ్చాక కాదు, అప్లికేషన్ పెట్టిన రోజే మొదలుపెట్టాలి.

మన ప్రభుత్వాలు విదేశీ చదువులకు ఇచ్చే సాయం గురించి కూడా ఒక మాట. తెలంగాణలో అంబేడ్కర్ ఓవర్సీస్ విద్యానిధి కింద ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు, ఫూలే పేరుతో ఉన్న పథకం కింద బీసీ విద్యార్థులకు 20 లక్షల వరకు ఇస్తారు. ఏ విభాగాల చదువులకు ఇస్తారో నోటిఫికేషన్‌లో రాసి ఉంటుంది. మీ డిగ్రీ పేరు, వెళ్లబోయే కోర్సు పేరు ఆ విభాగాల్లో దేని కిందికి వస్తాయో సంక్షేమ శాఖ ఆఫీసులో అడిగి, వీలైతే రాతపూర్వకంగా తీసుకోండి. బిల్డింగ్ సైన్స్ వైపున్న కోర్సుకూ డిజైన్ కోర్సుకూ ఇక్కడ కూడా తేడా రావచ్చు.

తేదీల విషయానికొస్తే, అమెరికా కాలేజీల గడువులు ఎక్కువగా డిసెంబరు, ఫిబ్రవరి మధ్య పడతాయి. పోర్ట్‌ఫోలియో చాలాచోట్ల స్లైడ్‌రూమ్ అనే సైటులో ఎక్కించాలి, ఒక్కో కాలేజీ ఒక్కో సంఖ్యలో పేజీలు అడుగుతుంది. అందుకే దసరా అయ్యాక ఫోన్ చేసేవాళ్లను చూస్తే నాకు కాస్త టెన్షనే. కొలవడానికి ఒక గది, ఎండ చూడటానికి ఒక వేసవి కావాలి. ఈ ఏడాది ఉగాదికే ఒకమ్మాయి ఫోన్ చేసింది, తణుకు దగ్గర వాళ్ల తాతగారి మండువా ఇల్లు కూల్చబోతున్నారట. “ఆపలేనక్కా, కానీ నెల టైమిచ్చారు” అంది. రెండు థర్మామీటర్లు, ఒక టేపు, ఒక నోట్‌బుక్ కొనుక్కుని ఆ రాత్రి బస్సుకే ఊరెళ్లింది.